మీకు తెలుసా? దురదలన్నీ ఒకటి కావు

కొన్ని క్యాన్సర్ మాత్రలు మనిషి వేలిముద్రల్ని చెరిపేస్తాయి. 2008 డిసెంబరులో సింగపూర్ నుంచి అమెరికాలోని చుట్టాలింటికి బయల్దేరిన 62 ఏళ్ల ఒకాయనను అక్కడి ఇమిగ్రేషన్ అధికారులు నాలుగు గంటలు కూర్చోబెట్టేశారు. యంత్రానికి ఆయన వేళ్ల మీద గీతలే దొరకలేదు. ముక్కు వెనకభాగంలో మొదలై పాకిన క్యాన్సర్‌కు ఆయన మూడేళ్లకు పైగా కెపసిటబిన్ అనే మాత్ర వాడుతున్నారు. ఆ మాత్రతో అరచేతులు, అరికాళ్లు ఎర్రబడి, మండి, పొట్టు లేస్తాయి. పొట్టుతోపాటు గీతలూ పోయాయి. ఆయన వల్ల దేశానికి ముప్పేమీ లేదని తేల్చుకున్నాకే వాళ్లు లోపలికి వదిలారు. ఈ మందు వాడేవాళ్లు ప్రయాణంలో డాక్టరు రాసిన ఉత్తరం వెంట ఉంచుకోవాలని ఆయన వైద్యులు 2009లో ఒక వైద్య పత్రికకు రాశారు.

మనకు అమెరికా దాకా వెళ్లనక్కర్లేదు, రేషన్ దుకాణం చాలు. ఈ-పోస్ యంత్రం మీద వేలు పెట్టడం, బ్యాంకులో వేలు పెట్టడం, పింఛనుకు వేలు పెట్టడం, అన్నీ వేలి మీదే నడిచే రోజులివి. రొమ్ము క్యాన్సర్‌కో పేగు క్యాన్సర్‌కో ఈ మాత్ర వాడుతున్న మనిషి ‘ముద్ర పడటం లేదమ్మా, రేపు రా’ అనిపించుకుని వెనక్కి రావడం ఎంత అన్యాయం! ఆధార్ నమోదులో పది వేళ్లతోపాటు రెండు కంటిపాపలూ తీసుకుంటారు. వేలు పనిచేయకపోతే కంటిపాపతోనో, ముఖంతోనో, ఫోనుకొచ్చే ఓటీపీతోనో గుర్తించే దారి ఉంది. పింఛనుదారులు ఇచ్చే జీవన్ ప్రమాణ్ పత్రానికి 2021 నవంబరు నుంచి ముఖం చూపిస్తే సరిపోతుంది. ఫోను నంబరు ఆధార్‌కు జతపడి ఉందో లేదో మందు మొదలుపెట్టక ముందే చూసుకుంటే తర్వాత తిరుగుళ్లు తప్పుతాయి.

మందు వాడుతుంటే ఒళ్లు దురదపెట్టినా, పొక్కులు లేచినా, చర్మం పొలుసులుగా ఊడినా మన ఇళ్లలో వచ్చే మొదటి మాట ‘మందు పడలేదు’. వెంటనే మందు మానేస్తారు, లేదా వీధి చివర మెడికల్ షాపుకెళ్లి ఒక ట్యూబు తెచ్చుకుంటారు. రెండూ తొందరపాటే. కెపసిటబిన్ దురద వేరు, డయాలసిస్ దురద వేరు, టీబీ మందుల దురద వేరు. పుట్టిన చోటు వేరైనప్పుడు పోగొట్టే మందూ వేరే.

మోకాలి జెల్లు అరచేతికి

కెపసిటబిన్ వాడేవారిలో దాదాపు సగం మందికి ఏదో ఒక స్థాయిలో ఈ అరచేతుల బాధ వస్తుంది. ముదిరితే మందు మోతాదు తగ్గించాలి, లేదా కొన్నాళ్లు ఆపాలి. క్యాన్సర్ మీద పోరాటంలో అది చిన్న నష్టం కాదు. దీనికి విరుగుడు వెతికినవాళ్లు ఢిల్లీ ఎయిమ్స్ డాక్టర్లు. వాళ్లు చేతికి తీసుకున్నది ఏ కొత్త మందో కాదు, మోకాళ్ల నొప్పులకు ప్రతి ఇంట్లో ఉండే డైక్లోఫెనాక్ జెల్లు. 264 మందితో చేసిన ఆ పరీక్ష ఫలితాలు 2024లో వచ్చాయి. ఉత్తుత్తి జెల్లు రాసుకున్నవారిలో 15 శాతం మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన బాధ వస్తే, అసలు జెల్లు రాసుకున్నవారిలో అది 3.8 శాతమే. డైక్లోఫెనాక్ వాపును పుట్టించే ఎంజైమును అడ్డుకుంటుంది. అదే పని చేసే సెలికాక్సిబ్ మాత్ర మింగినా ఫలితం ఉంటుందని అంతకు ముందే తెలుసు. కానీ మింగే మాత్రకు కడుపు, గుండె సంబంధమైన భయాలున్నాయి. చేతికి పూసుకుంటే ఆ భయం చాలా తక్కువ. డాక్టరును ‘నాకూ ఇది రాస్తారా?’ అని అడగదగిన సంగతి ఇది. అయితే అప్పటికే పగిలి రసి కారుతున్న చేతికి సొంతంగా పూసుకోవద్దు.

ఈ బాధను పెంచేవి రెండు: వేడి, రాపిడి. మరిగే నీళ్లలో గిన్నెలు తోమడం, బట్టలు పిండడం, పిడి బిగించి పట్టుకుని కొడవలితో కోయడం, మిట్టమధ్యాహ్నం గుడిలో ఉత్త కాళ్లతో ప్రదక్షిణలు చేయడం కొన్నాళ్లు వాయిదా వేసుకోవాలి. దేవుడు అర్థం చేసుకుంటాడు. ఇంట్లోవాళ్లు అర్థం చేసుకుంటారా అన్నదే ప్రశ్న. మన దగ్గర కీమో పెట్టించుకున్న ఆడమనిషికి కూడా అంట్ల గిన్నెల నుంచి సెలవు దొరకడం కష్టమే.

కళ్లు ముందే తెరిచిన ఎలుక పిల్లలు

అప్పుడే పుట్టిన ఎలుక పిల్లలు మామూలుగా రెండు వారాలకు గానీ కళ్లు తెరవవు. స్టాన్లీ కోహెన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త ఎలుకల లాలాజల గ్రంథి నుంచి తీసిన రసాన్ని వాటికి ఎక్కిస్తే వారం తిరిగేసరికే కళ్లు తెరిచాయి. పళ్లూ ముందే వచ్చాయి. ఆ రసంలో చర్మాన్ని త్వరగా ఎదిగించే పదార్థం ఏదో ఉందని ఆయన పట్టుకున్నారు. దాని పేరు ఈజీఎఫ్. 1986లో రీటా లెవీ మాంటాల్చీనితో కలిసి ఆయనకు నోబెల్ వచ్చింది.

ఈ ఎలుకల కథకూ మన దురదకూ సంబంధం ఉంది. కొన్ని ఊపిరితిత్తుల క్యాన్సర్లు, పేగు క్యాన్సర్లు ఈ ఈజీఎఫ్ అందుకునే తలుపుల మీద ఆధారపడి పెరుగుతాయి. జెఫిటినిబ్, ఎర్లోటినిబ్, ఒసిమెర్టినిబ్ లాంటి మాత్రలు, సెటుక్సిమాబ్, పానిటుముమాబ్ లాంటి ఇంజెక్షన్లు ఆ తలుపుల్ని మూసేస్తాయి. తిప్పలేమిటంటే చర్మానికీ, వెంట్రుకల కుదుళ్లకూ అవే తలుపులు కావాలి. అందుకే మందు మొదలైన ఒకటి రెండు వారాల్లో ముఖం, మాడు, ఛాతీ, వీపు పైభాగం మీద ఎర్రటి చీము పొక్కులు గుంపులుగా లేస్తాయి. అచ్చం మొటిమల్లా ఉంటాయి. మొటిమలు మాత్రం కావు. మొటిమల క్రీము రాస్తే అసలే పొడిబారిన చర్మం ఇంకా ఎండి మండుతుంది. నూనె చర్మం అనుకుని పదేపదే సబ్బుతో ముఖం రుద్దడమూ అంతే.

ఈ పొక్కులు వచ్చాక వైద్యం చేయడం కంటే రాక ముందే మొదలుపెట్టడం మేలని 2010లో అచ్చయిన ఒక అమెరికన్ పరీక్ష చూపించింది. పానిటుముమాబ్ ఇవ్వడానికి ఒక రోజు ముందు నుంచే మాయిశ్చరైజరు, ఎండకు సన్‌స్క్రీన్, తేలికపాటి స్టిరాయిడ్ క్రీము, డాక్సీసైక్లిన్ మాత్ర మొదలుపెట్టారు. పొక్కులు వచ్చేదాకా ఆగి వైద్యం తీసుకున్నవారితో పోలిస్తే వీళ్లలో బాధించే స్థాయి చర్మ సమస్యలు సగానికి పైగా తగ్గాయి. డాక్సీసైక్లిన్ యాంటీబయాటిక్కే అయినా ఇక్కడ దాని ముఖ్యమైన పని వాపును తగ్గించడం. ‘నాకు ఇన్ఫెక్షన్ లేదు కదా, ఇదెందుకు?’ అని పక్కన పడేయొద్దు.

ఇంకొక విచిత్రం: ఈ పొక్కులు బాగా వచ్చినవారిలో క్యాన్సర్ మందు బాగా పనిచేసిన దాఖలాలు చాలా అధ్యయనాల్లో కనిపించాయి. అలాగని పొక్కులు రానివారు దిగులుపడనక్కర్లేదు, వాళ్లలోనూ మందు పనిచేస్తుంది. పొక్కులు వచ్చినవారు మాత్రం అద్దంలో ముఖం చూసుకుని మందు మానేస్తే పోగొట్టుకునేది చాలా ఎక్కువ. కొన్ని వారాలకు పొక్కులు తగ్గుముఖం పట్టి, ఆ చోట పొడితనం, వేళ్ల కొసల్లో పగుళ్లు, గోళ్ల చుట్టూ వాపు మొదలవుతాయి. కనురెప్పల వెంట్రుకలు మాత్రం పొడుగ్గా, వంకీలు తిరిగి పెరుగుతాయి. చూసినవాళ్లు బాగున్నాయనవచ్చు. లోపలికి తిరిగి కంట్లో గుచ్చుకుంటుంటే కంటి డాక్టరుకు చూపించాలి.

సెట్రిజిన్‌కు లొంగని దురద

దురద అనగానే మనకు తెలిసిన మాత్ర సెట్రిజిన్. అది హిస్టమిన్ అనే రసాయనాన్ని అడ్డుకుంటుంది. దద్దుర్లు లేచి దురదపెడితే చాలాసార్లు దోషి హిస్టమినే కాబట్టి పనిచేస్తుంది. కానీ దురదను మెదడుకు మోసుకెళ్లే దారులు ఇంకా ఉన్నాయి. దీన్ని తేల్చడానికి తోడ్పడింది మలేరియా మందు క్లోరోక్విన్. మన మన్యంలో వైవాక్స్ మలేరియాకు ఇప్పటికీ ఇచ్చేది అదే. ఆఫ్రికాలో ఈ మందు మింగిన చాలామందికి ఒంటి మీద ఒక్క దద్దురు లేకుండానే విపరీతమైన దురద వచ్చేది. సెట్రిజిన్ కుటుంబం మందులు దాన్ని పూర్తిగా ఆపలేకపోయేవి. 2009లో అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ శాస్త్రవేత్తలు కారణం పట్టుకున్నారు: క్లోరోక్విన్ నేరుగా నరాల మీదున్న వేరే మీటను నొక్కుతుంది. హిస్టమిన్‌తో దానికి పనే లేదు.

కాబట్టి సెట్రిజిన్ వేసుకున్నా తగ్గలేదంటే మాత్ర నకిలీదని కాదు, రెండోది వేసుకోమనీ కాదు. ఇది ఆ జాతి దురద కాదన్నమాట.

ఉద్దానంలో రాత్రిళ్లు

శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస వైపు ఊళ్లలో డయాలసిస్ అన్న మాట తెలియని ఇల్లుండదు. అక్కడ కిడ్నీలు ఎందుకు పాడవుతున్నాయో ఇప్పటికీ తేలలేదు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం తెరిచారు. డయాలసిస్ మీదున్నవాళ్లను ఎక్కువగా వేధించేవాటిలో దురద ఒకటి. వీపు మీద, చేతుల మీద, రాత్రిపూట. చాలామంది ఈ సంగతి డాక్టరుకు చెప్పనే చెప్పరని అంతర్జాతీయ అధ్యయనాల్లో తేలింది. ‘కిడ్నీలే పోయాక దురద ఒక లెక్కా’ అనుకుంటారు. లెక్కే. నిద్ర లేని మనిషి మర్నాడు డయాలసిస్ మంచం మీద నాలుగు గంటలు పడుకోవాలి.

ఈ దురదకు కారణాలు కలగాపులగంగా ఉంటాయి. చెమట గ్రంథులు కుంచించుకుపోయి చర్మం ఎండిపోతుంది. రక్తంలో భాస్వరం పెరుగుతుంది. డయాలసిస్ చాలినంత జరగక మలినాలు మిగిలిపోతాయి. నరాలు అతిగా స్పందిస్తాయి. వైద్యమూ అదే వరుసలో నడుస్తుంది: ముందు మాయిశ్చరైజరు, భాస్వరం అదుపు, డయాలసిస్ సరిపోతోందా లేదా అని చూడటం. ఆ తర్వాత డయాలసిస్ అయ్యాక చిన్న మోతాదులో గాబాపెంటిన్ అనే నరాల మందు. అది డాక్టరు తూచి ఇవ్వాల్సిందే, ఎందుకంటే కిడ్నీ పనిచేయనివారిలో మామూలు మోతాదు కూడా మగతలో ముంచేస్తుంది. 1977లోనే బార్బరా గిల్‌క్రెస్ట్ బృందం అతినీలలోహిత కాంతితో ఈ దురద తగ్గుతుందని చూపించింది. ఒంట్లో సగభాగానికే కాంతి పెట్టినా మిగతా సగంలోనూ దురద తగ్గడం ఆ తర్వాతి పరిశీలనల్లో వాళ్లకే ఆశ్చర్యం కలిగించింది. 2021 ఆగస్టులో డైఫెలికెఫాలిన్ అనే ఇంజెక్షన్‌కు అమెరికా అనుమతి ఇచ్చింది. డయాలసిస్ దురద కోసమే అక్కడ ఆమోదం పొందిన మొదటి మందు అది. డయాలసిస్ ముగిసే వేళ ఆ గొట్టంలోకే ఎక్కిస్తారు.

రాత్రే ఎందుకు ఎక్కువ? కిడ్నీ జబ్బు లేనివారిలోనూ రాత్రి చర్మం కాస్త వేడెక్కుతుంది, చర్మం గుండా నీరు ఎక్కువ పోతుంది, వాపును అణిచే కార్టిసాల్ పడిపోతుంది. పగలు పనుల్లో మరిచిన దురద పడుకోగానే గుర్తుకొస్తుంది. ఏసీ ఉంటే గాలి మరీ పొడిబారుతుంది. గోళ్లు పొట్టిగా కత్తిరించుకోవడం, వదులు నూలు బట్ట, పడుకోబోయే ముందు ఇంకోసారి క్రీము... మామూలు మాటలే, పనిచేసే మాటలు.

ఎర్రబడే ఒళ్లు

కుష్ఠుకు ఇచ్చే మూడు మందుల్లో క్లోఫాజిమిన్ ఒకటి. ఇప్పుడు మొండి టీబీకి కూడా వాడుతున్నారు. 1950లలో ఐర్లండులోని డబ్లిన్‌లో దాన్ని తయారుచేశారు, టీబీ కోసమే. అది అసలు ఒక ఎర్రరంగు. కొవ్వులో, చర్మంలో చేరి ఒంటిని రాగి రంగుకో నల్లటి ఎరుపుకో తిప్పుతుంది. చెమట, కన్నీళ్లు, మూత్రం కూడా రంగు మారవచ్చు. పిక్కల మీద, ముంజేతుల మీద చర్మం చేప పొలుసుల్లా ఎండుతుంది. మందు ఆపాక రంగు పోవడానికి నెలలు పడుతుంది, కొందరికి ఏడాది దాటుతుంది. ఈ రంగు చూసి ఊళ్లో జబ్బు పేరు బయటపడుతుందని మాత్రలు మానేసేవాళ్లు ఉన్నారు. రంగు పోతుంది, జబ్బు ముదిరితే వేళ్లు పోతాయి.

టీబీ మందుల విషయానికొస్తే, మచ్చా దద్దురూ లేకుండా ఉత్త దురద మాత్రమే ఉంటే చాలాసార్లు అవే మందులు కొనసాగిస్తూ దురద మాత్ర, మాయిశ్చరైజరు ఇస్తారు. కళ్లు పచ్చబడితే మాత్రం అది లివరు సంగతి. ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

కుష్ఠు ఆస్పత్రులు ప్రపంచానికి నేర్పిన పాఠం ఒకటుంది, ఖర్చు లేనిది. చర్మం ఎండిపోయిన కాళ్లను రోజూ మామూలు నీళ్లలో ఇరవై నిమిషాలు నానబెట్టడం, గట్టిపడ్డ చర్మాన్ని మెల్లగా రుద్దడం, పూర్తిగా తుడవకుండా తడి మీదే నూనె రాయడం. నూనెకు నీళ్లు ఇచ్చే శక్తి లేదు, ఉన్న నీటిని పోనివ్వకుండా మూత పెట్టే శక్తే ఉంది. పొడి చర్మానికి నూనె రాస్తే మీరు మూత పెట్టింది ఖాళీ గిన్నెకు. స్నానమయ్యాక తువ్వాలుతో అద్దుకుని, తడి ఆరక ముందే క్రీము రాసుకోమని స్కిన్ డాక్టర్లు చెప్పేది ఇందుకే.

ఏ నూనె?

ఖరీదైనదే మంచిదనుకుంటే ఆలివ్ నూనె నిరాశ పరుస్తుంది. ఇంగ్లండులోని షెఫీల్డ్ పరిశోధకులు 2013లో పెద్దవాళ్ల ముంజేతుల మీద ఆలివ్ నూనె, పొద్దుతిరుగుడు నూనె కొన్ని వారాలు రాసి చూశారు. ఆలివ్ నూనె చర్మపు పైపొరను బలహీనపరిచింది. పొద్దుతిరుగుడు నూనె దాన్ని చెడగొట్టలేదు. మొదటిదానిలో ఓలిక్ ఆమ్లం, రెండోదానిలో లినోలిక్ ఆమ్లం ఎక్కువ కావడం ఈ తేడాకు మూలం. కొబ్బరినూనెకు ఫిలిప్పీన్స్‌లో 2004లో పరీక్ష పెట్టారు. పొడిచర్మానికి అది మినరల్ ఆయిల్‌తో సమానంగా పనిచేసింది.

సున్నిపిండి, పసుపు, వేపాకు మన చేతికి మొదట వచ్చేవి. ఆరోగ్యంగా ఉన్న ఒంటికి సున్నిపిండితో నలుగు బాగానే ఉంటుంది. కీమోలోనో రేడియేషన్‌లోనో పలచబడ్డ చర్మానికి అది గరుకు కాగితమే. సబ్బు సంగతీ చెప్పాలి. మన చర్మం కాస్త ఆమ్లగుణంతో, పీహెచ్ 5 దగ్గర ఉంటుంది. మామూలు సబ్బు 9, 10 దగ్గర. మన సబ్బు అట్టల మీద ‘గ్రేడ్ 1’ అంటే అందులో కొవ్వు పదార్థం కనీసం 76 శాతం ఉందని. అది నాణ్యతకు గుర్తే గానీ పీహెచ్ గురించి ఏమీ చెప్పదు. వాసన లేని, పీహెచ్ 5.5 అని రాసి ఉన్న సబ్బుకాని సబ్బులు అడిగితే మందుల షాపుల్లో దొరుకుతాయి.

ఎంత రాయాలి?

ట్యూబు మీద ‘పలచగా రాయండి’ అని ఉంటుంది. పలచగా అంటే ఎంత? 1991లో బ్రిటిష్ డాక్టర్లు లాంగ్, ఫిన్లే దీనికి ఒక కొలత పెట్టారు. చూపుడువేలి చివరి గీత నుంచి కొస దాకా ట్యూబు నుంచి ఒక వరస పిండితే అర గ్రాము. వేళ్లతో కలిపి రెండు అరచేతులంత మేరకు అది సరిపోతుంది. ఇది స్టిరాయిడ్ లాంటి మందు క్రీములకు లెక్క. మాయిశ్చరైజరుకు ఈ పొదుపు అక్కర్లేదు, ధారాళంగా రాసుకోవచ్చు.

క్యాలమైన్ లోషన్ పొడిచర్మానికి పనికిరాదు. దానికి గులాబీ రంగునిచ్చేది ఐరన్ ఆక్సైడు. చల్లదనమిచ్చేది ఆవిరయ్యే నీరు. ఆ నీరు పోయాక మిగిలే జింకు పొడి చర్మాన్ని ఇంకా ఎండబెడుతుంది.

కరెంటు పెట్టించుకున్న చోట

రేడియేషన్‌ను ఊళ్లలో కరెంటు పెట్టించుకోవడం అంటారు. ఆ చోట నీళ్లు తగలకూడదన్న నమ్మకం ఇంకా బలంగానే ఉంది. వారాల తరబడి స్నానం లేక, చెమటతో మురికితో దురద రెట్టింపైనవాళ్లున్నారు. 1990ల నుంచి జరిగిన పరీక్షల్లో గోరువెచ్చని నీళ్లతో, తేలికైన సబ్బుతో మెల్లగా కడుక్కుంటే చర్మానికి కీడు జరగదని, కడుక్కోనివారి కంటే మెరుగ్గానే ఉంటారని తేలింది. టెక్నీషియన్ పెట్టిన సిరా గుర్తులు మాత్రం చెరపకూడదు. అవి చెరిగితే మీరే మళ్లీ గీయకండి.

ఎర్రదనం, దురద రెండు మూడు వారాలకు మొదలవుతాయి. చికిత్స ముగిసిన తర్వాత ఒకటి రెండు వారాలు ఇంకా పెరుగుతాయి. అయిపోయింది కదా, ఇప్పుడెందుకు ముదిరిందని కంగారుపడేది ఇక్కడే. ఆ తర్వాత తగ్గుతుంది. మంగళూరు వైద్యులు 2014లో గొంతు, నోటి క్యాన్సర్ రోగుల మీద గంధం నూనె, పసుపు కలిసిన ఒక క్రీమును చిన్న ఎత్తున పరీక్షిస్తే చర్మం మంట తగ్గింది. అది తయారుచేసిన క్రీము, వంటింటి డబ్బాలో పసుపు కాదు. పచ్చి పుండు మీద పసుపు ముద్ద అద్దితే రేడియేషన్ డాక్టరుకు అడుగున చర్మం రంగు కనిపించదు.

నెలలు, ఏళ్లు గడిచాక వేరే కీమో మందు ఇచ్చినప్పుడు పాత రేడియేషన్ చోటే మళ్లీ ఎర్రబడే వింత కూడా ఉంది. 1959లో గియులియో డాంజియో దాన్ని మొదటిసారి వర్ణించారు. చర్మం పాత సంగతి మరిచిపోదు. కొత్త డాక్టరుకు పాత రేడియేషన్ కాగితాలు చూపించాలి.

దీపం దగ్గర జాగ్రత్త

1859లో అమెరికాలోని టైటస్‌విల్ నూనె బావుల దగ్గర పనివాళ్లు పంపు కడ్డీలకు పట్టిన మడ్డిని కాలిన గాయాలకు పూసుకోవడం రాబర్ట్ చీజ్‌బ్రో అనే రసాయన వ్యాపారి చూశారు. దాన్ని శుద్ధిచేసి 1872లో పేటెంటు తీసుకున్నారు. అదే వాజెలిన్. వాసన, రంగు కలపని పెట్రోలియం జెల్లీ ఎండిన చర్మానికి ఇవాళ్టికీ చవకైన మంచి మూత. అయితే ఇలాంటి క్రీములు, ఆయింట్‌మెంట్లు బట్టలకూ దుప్పట్లకూ పట్టి ఆరిపోతే ఆ బట్ట త్వరగా అంటుకుని ఎక్కువ మంటతో మండుతుందని బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ 2018లో హెచ్చరించింది. పారఫిన్ లేని క్రీములకూ అది వర్తిస్తుంది. ఒకసారి ఉతికినంత మాత్రాన పూర్తిగా పోదు. మన ఇళ్లలో గ్యాస్ పొయ్యి, దీపారాధన, అగరుబత్తి, హారతి రోజూ ఉండేవే. పైగా సింథటిక్ చీర కొంగు. క్రీము పట్టిన బట్టతో వీటి దగ్గరికి వెళ్లొద్దు.

ట్యూబు వెనక కథ

‘దురదకు ట్యూబు ఇవ్వండి’ అంటే మన మెడికల్ షాపులో తరచూ చేతికొచ్చేది స్టిరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు మూడూ కలిపిన మిశ్రమం. రెండు రోజుల్లో దురద మాయం, అందుకే అంత నమ్మకం. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, తామర లాంటి ఫంగస్ అయితే మొండికెత్తి పాకుతుంది. 2018లో కేంద్రం 14 స్టిరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి చేర్చింది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అమ్మకం ఆగలేదన్నది వీధిలో అందరికీ తెలిసిన సంగతే. స్టిరాయిడ్ క్రీము విషమేమీ కాదు, పైన చెప్పిన పానిటుముమాబ్ పరీక్షలో దాన్నే వాడారు. ఎవరికి, ఎక్కడ, ఎన్నాళ్లు అన్నది డాక్టరు చెప్పాలి.

ఆలస్యం చేయకూడని దద్దుర్లు

పైన చెప్పినవి చాలావరకు డాక్టరును అడిగి, మందు కొనసాగిస్తూ సర్దుకునేవి. ఒక్క రకం అలా కాదు. 1922లో స్టీవెన్స్, జాన్సన్ అనే ఇద్దరు అమెరికన్ డాక్టర్లు జ్వరంతో, నోటి పుళ్లతో, కళ్ల ఎరుపుతో, ఒళ్లంతా దద్దుర్లతో వచ్చిన ఇద్దరు పిల్లల గురించి రాశారు. ఆ జబ్బు వాళ్ల పేరుతోనే ఉంది. ఎక్కువసార్లు కారణం మందే. యూరిక్ ఆసిడ్‌కు ఇచ్చే అలోప్యూరినాల్, మూర్ఛకు ఇచ్చే కార్బమాజెపిన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్, సల్ఫా మందులు, హెచ్ఐవీకి ఇచ్చే నెవిరపిన్ ఈ జాబితాలో ముందుంటాయి. సాధారణంగా కొత్త మందు మొదలైన నాలుగో రోజు నుంచి ఎనిమిది వారాల లోపు వస్తుంది. కొందరిలో జన్యువుల వల్ల ముప్పు ఎక్కువ. కార్బమాజెపిన్ మొదలుపెట్టక ముందు ఆసియా మూలాలవారికి ఆ జన్యు పరీక్ష చేయమని 2007లోనే అమెరికా ఔషధ సంస్థ సూచించింది.

గుర్తులు ఇవి: దురద కంటే నొప్పి, మంట ఎక్కువగా ఉండటం, జ్వరం, నోట్లోనో కళ్లలోనో మర్మావయవాల దగ్గరో పుళ్లు, పొక్కులు చిట్లి చర్మం రేకుల్లా ఊడిపోవడం. ముఖం, పెదాలు వాచి ఊపిరి ఆడకపోతే అది ఇంకో అత్యవసరం. వీటిలో ఏది కనిపించినా మరుసటి అపాయింట్‌మెంటు దాకా ఆగొద్దు. కొత్తగా మొదలైన మందు మరో మోతాదు వేసుకోకుండా, అదే రోజు, రాత్రయినా సరే, పెద్దాసుపత్రికి వెళ్లాలి. గత రెండు నెలల్లో వేసుకున్న మాత్రల అట్టలన్నీ ఒక కవరులో వేసుకుని వెళ్లండి. నాటు మందులు, పొడులు వాడి ఉంటే అవీ. దోషి ఏదో తేలాక ఆ మందు పేరు, ఆ కుటుంబం మందుల పేర్లు కాగితం మీద డాక్టరు చేత రాయించుకుని పర్సులో పెట్టుకోవాలి. ఇంట్లో ఇంకొకరికి కూడా ఆ కాగితం ఎక్కడుందో తెలిసి ఉండాలి.